వేలి కన్నా ముందొచ్చిన అరుపు

బేగంబజార్‌లో ఒక మనిషి నా కుడి మణికట్టు పట్టుకున్నది శ్రావణమాసం రెండో బుధవారం, పగలు పదకొండూ ఇరవైకి. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, చింతపండు కొట్టు ముందు నిలబడి అప్పుడే గడియారం చూసుకున్నాను. వాడి కన్ను నా బంగారు గాజుల మీద ఉంది. నేను చెయ్యి వెనక్కి గుంజాను, వాడు ముందుకు గుంజాడు. అలా మూడుసార్లు. నాలుగోసారికి, నెత్తిన బస్తాతో వస్తున్న హమాలీ ఒకాయన "అరే, ఛోడ్ బే!" అని అరిచేసరికి వదిలేసి జనంలో కలిసిపోయాడు. ఏమీ పోలేదు. ముందరి గాజు బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుని నా దగ్గరే ఉండిపోయింది. మణికట్టు మీద కమిలిన మచ్చ మాత్రం నలుపు నుంచి పచ్చకు, పచ్చ నుంచి పసుపుకు మారి పూర్తిగా పోవడానికి పదకొండు రోజులు పట్టింది.

నాకు డెబ్బై రెండేళ్ళు. జహనుమాలోని మా ఇంటి నుంచి ప్రతి బుధవారం ఒక్కదాన్నే బేగంబజార్ వెళ్ళి, చింతపండూ ఎండుమిర్చీ పప్పులూ చేత్తో పట్టి చూసి తెచ్చుకోవడం నలభై ఒక్క ఏళ్ళ అలవాటు. మా అబ్బాయికి అదే బజారులో గిన్నెల దుకాణం ఉంది. జరిగింది వాడికి అక్కడే ఎవరో చెప్పేశారు. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు.

"ఇగ బంద్ అమ్మా. ఏం గావాల్నో చెప్పు, దుకాణం నుంచి వచ్చేటప్పుడు నేనే తెస్త."

"నువ్వు తెచ్చిన చింతపండుల సగం గింజలే ఉంటయి."

"గింజలుంటే ఉండనీ. నువ్వుంటే చాలు."

ప్రేమగా అన్న మాటే. దానికి ఎదురు చెప్పడం కష్టం. ఆ పదకొండు రోజుల్లో వచ్చిన ఒక బుధవారం నేను వరండాలో కూర్చుని బస్సుల చప్పుడు విన్నాను. ఆ రోజు ఎన్ని బస్సులు పోయాయో కూడా నా లెక్కల పుస్తకంలో రాసి ఉంది. పద్నాలుగు. అలా బస్సులు లెక్కపెట్టుకుంటూ మిగతా బుధవారాలు గడపడం నా వల్ల కాదని ఆ రోజే తెలిసింది.

మణికట్టు నొప్పి తగ్గకపోతే కోడలు స్కూటీ మీద యాకుత్‌పురా తీసుకెళ్ళింది. అక్కడ స్టేషనుకు దగ్గరి గల్లీలో ఎముకలు సరిచేసే పహిల్వాన్ల కుటుంబం ఉంది. తండ్రి పోయాక ఆయన కూతురే చూస్తోంది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా మడిచిన కమీజు చేతులు, నూనె వాసన. నా చెయ్యి తన ఒడిలో పెట్టుకుని, మణికట్టు దగ్గర కాకుండా ఎక్కడో పైన, మోచేతి మడతకు మూడు వేళ్ళ కింద, బొటనవేలి వైపు నొక్కింది. ఒక తీగ పట్టి లాగినట్టు మోచేతి నుంచి వేళ్ళ చివరల దాకా జివ్వుమంది. బిగించి పెట్టుకున్న నా పిడికిలి నన్నడగకుండానే తెరుచుకుంది.

నేను నొప్పి సంగతి మరిచిపోయి వేళ్ళ వంక చూశాను. డెబ్బై రెండేళ్ళుగా ఇవి నా చెప్పుచేతల్లో ఉన్నాయనుకున్నాను.

"మళ్ళొకసారి నొక్కు," అన్నాను.

"నొప్పి లేస్తది అమ్మా."

"లేవనీ. నేను గట్టిగ మూస్త, ఎట్ల తెరుచుకుంటదో చూస్త."

ఆమె నవ్వి మళ్ళీ నొక్కింది. మళ్ళీ తెరుచుకుంది. ఎందుకని అడిగాను. అక్కడ ఒక నస్, అంటే నరం, ఎముకకూ కండకూ మధ్య పైపైనే పోతుందనీ, దాన్ని మెల్లగా నిమిరితే నొప్పి దిగుతుందనీ, కోణం మార్చి పొడిస్తే పట్టు సడలుతుందనీ చెప్పింది. అలా పట్టు విడిపించుకోవడం తండ్రి మగపిల్లలకు తాలీంలో, అంటే కుస్తీల బడిలో, నేర్పేవాడట, తను ఇప్పుడు ఆడపిల్లలకు నేర్పుతోంది. సోమవారం, గురువారం, సాయంత్రం నాలుగున్నరకు, ఇదే ఇంటి వెనక హాలులో.

"ఎంత వయసోళ్ళు వస్తరు?"

"పద్దెనిమిది, ఇరవై... అమ్మా, ఎందుకు అడుగుతున్నవ్?"

పక్కనున్న కోడలు అప్పటికే తల పట్టుకుంది.

ఆ సాయంత్రం నేనూ నేర్చుకుంటానని ఇంట్లో చెబితే మా అబ్బాయి పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే కుర్చీలోంచి చెయ్యి చాపాడు. "సరే అమ్మా. నా చేతుల నుంచి మూడుసార్లకు మూడుసార్లు విడిపించుకో, ఇగ నీ ఇష్టం, బేగంబజార్ గాకపోతే బొంబాయి పో." ఇత్తడి బిందెలు రెండు చేతులా రెండేసి ఎత్తే చెయ్యి అది. వాడు సరదాకే అన్నాడు. నేను తేదీ వేసి, ఆ మాట ఉన్నదున్నట్టు రాసి, వాడి ముందు పెట్టి సంతకం చేయించుకున్నాను. సంతకం చేసేటప్పుడు మాత్రం నవ్వు కొంచెం తగ్గింది.

పాఠాలకు కోడలే స్కూటీ మీద దింపి తీసుకొచ్చేది. హాలులో నాతో కలిపి ఏడుగురం. పహిల్వాన్ కూతురిని అందరూ ఉస్తానీ, అంటే గురువమ్మ, అంటారు. నేనూ అలాగే అన్నాను, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నదైనా. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఏ చోటి నొక్కుడైనా ముందు నీ ఒంటి మీద తీసుకోవాలి, తర్వాతే ఎదుటివాళ్ళకు ఇవ్వాలి. రుచి చూడని కూర వడ్డించకూడదన్నట్టు. మెడ వైపు పోవద్దంది. కొందరి ఒంట్లో కొన్ని చోట్లు పలకవు, వాటినే నమ్ముకోవద్దంది. మొదటి మూడు వారాలు, అంటే ఆరు పాఠాలు, నేను తీసుకోవడమే. మోచేతి కింది చోటు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట, అరచేతి వెనక ఉంగరపువేలి ఎముక పక్క, పైచేతి లోపలి అంచు. మొత్తం నాలుగు. ప్రతిదీ ఎంతసేపు జివ్వుమందో, ఏ వేలి దాకా వెళ్ళిందో రాసుకున్నాను. నాలుగోది చిటికెన వేలి దాకా పోతుంది. ఎందుకు ఒక దారి చిటికెన వేలికీ, ఇంకో దారి బొటనవేలికీ పోతుందో ఆ రోజుల్లో అన్నం కలుపుతూ కూడా ఆలోచించేదాన్ని.

ఏడో పాఠం నుంచి ఇవ్వడం మొదలు. నాకు జోడీగా ఎక్కువసార్లు దొరికినది కుట్టుమిషను పని చేసే ఒక అమ్మాయి, కాలేజీ చదివే ఇంకొకమ్మాయి. ఇద్దరూ నన్ను అమ్మమ్మా అనేవాళ్ళు. వాళ్ళు నా మణికట్టు పట్టుకోవాలి. నేను ఖాళీ చేతి వేలి కణుపుతో చోటు మీద నొక్కి, పట్టు సడలిన క్షణంలో నా చేతిని వాళ్ళ బొటనవేలి వైపు తిప్పి లాగేసుకోవాలి. మొదటి రోజే నాలుగుకు నాలుగు వచ్చాయి.

"హాయ్ అల్లా! అమ్మమ్మా, నీ వేలా సుత్తా?" అని కాలేజీ అమ్మాయి చెయ్యి దులుపుకుంది.

నాలుగు వారాలు, ఎనిమిది పాఠాలు ముగిసేసరికి నా పుస్తకంలో ముప్పై మూడుసార్లకు ముప్పై ఒకటి. ఇంటికొచ్చి కోడలి మీద కూడా చేసి చూసేదాన్ని. ఆ పిల్లకు మొహమాటం తక్కువ. గోడకు ఆనుకుని నా చెయ్యి పట్టుకుని, "అత్తమ్మా, ఇది నొప్పా, చక్కిలిగింతలా? అయినంక చెప్పు, పొయ్యి మీద పాలున్నయి," అనేది. ఇంట్లో ఎనిమిదికి ఒకటి.

అక్కడ ముప్పై మూడుకు ముప్పై ఒకటి, ఇక్కడ ఎనిమిదికి ఒకటి. ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? కోడలి చెయ్యి కొంచెం దిట్టం, కండలో నరం లోతుగా ఉందేమోననుకున్నాను. కానీ కుట్టుపని అమ్మాయి చెయ్యి అంతకన్నా దిట్టం. వేళలో తేడానా అని ఇంట్లో కూడా నాలుగున్నరకే చేసి చూశాను, రాలేదు. నిలబడి చేసి చూశాను, కోడలి గాజులు తీయించి చూశాను, రాలేదు. మిగిలింది ఒక్కటే అనుమానం. దాన్ని ఎలా పరీక్షించాలో రెండు రోజులు ఆలోచించాను.

పదిహేనో పాఠం రోజు, గురువారం, కాలేజీ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను కావాలనే చోటు తప్పాను. రెండు వేళ్ళ దూరంలో, ఒట్టి కండ మీద వేలు ఆనించాను, నొక్కనే లేదు.

"హాయ్ అల్లా!" అంది ఆ పిల్ల, చెయ్యి వదిలేసి.

నేను అక్కడే నిలబడిపోయాను. అరుపు వేలి కన్నా ముందొచ్చింది.

"బిడ్డా, నేను నొక్కలేదు."

ఆ పిల్ల ముఖంలో రంగు మారింది. కుట్టుపని అమ్మాయి కిందికి చూసింది. హాలులో మిగతావాళ్ళంతా ఆగిపోయారు. ఉస్తానీ వచ్చి ఏమైందంది. చెప్పాను. ఆమె ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ అంతే. నేను వేలు పెట్టగానే అరిచి వదిలేయాలని వాళ్ళలో వాళ్ళే మొదటి రోజే అనుకున్నారట.

"పెద్దామె చెయ్యి గట్టిగ ఎట్ల పట్టాలె, ఉస్తానీ? అమ్మమ్మ మొఖం చిన్నగైతది గదా," అంది కాలేజీ అమ్మాయి, ఏడుపు గొంతుతో.

"అదబ్ మర్యాదలు చెప్పుల్తో పాటు తలుపు బయట విడిచిరా! బజార్ల పట్టెటోడు పెద్దామె అని సలాం కొట్టి పడతడా?" అని ఉస్తానీ కేకలేసింది.

నాకు ఆ పిల్లల మీద కోపం రాలేదు. మా అత్తగారు చివరి రోజుల్లో రెండుసార్లు ఉప్పేసిన పప్పును నేను బాగుందని తిన్నదాన్నే. కానీ పుస్తకం తీసి ముప్పై ఒకటిని అడ్డంగా కొట్టేశాను. వాళ్ళ మర్యాదను నేను నా బలంగా లెక్కవేసుకున్నాను. ఆ లెక్కను నమ్మి బేగంబజార్ వెళ్ళి ఉంటే?

ఉస్తానీ వాళ్ళకు ఎంత చెప్పినా ఆ తర్వాత కూడా వాళ్ళ వేళ్ళు బిగుసుకోలేదు. బిగిద్దామనుకునే పట్టేవాళ్ళు పాపం, నా తెల్లజుట్టు చూడగానే వేళ్ళు సడలిపోయేవి. ఉస్తానీ తనే పట్టుకుందామంటే ఆమెకూ అదే ఇబ్బంది. చికిత్స చేసేటప్పుడు ఎంత గట్టిగానైనా నొక్కగలదు కానీ, శత్రువులా నా చెయ్యి పట్టుకోవడానికి ఆమె చేతికీ మనసొప్పలేదు.

అప్పుడు హాలు మూలన నులకమంచం మీద నుంచి ఒక గొంతు వచ్చింది. ఉస్తానీ వాళ్ళమ్మ. రోజూ అక్కడే కూర్చుని, పాఠం చూస్తూ పోకలు కత్తిరించేది. అమ్మాయిలు నానీ అంటారు.

"ఏ ఛోటీ, ఇధర్ ఆ."

ఎవరిని పిలుస్తోందా అని చుట్టూ చూశాను. నన్నే. నన్ను 'చిన్నదానా' అని పిలిచినవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో!

"నీ వయసెంత?" అని అడిగాను, దగ్గరికి వెళ్ళి.

"నాకేం ఎరుక. పెండ్లి పదహారుకు. మూడేండ్లకు పెద్దోడు పుట్టిండు. వానికి మొన్న అరవై నిండినయి."

డెబ్బై తొమ్మిది. నాకన్నా ఏడేళ్ళు పెద్ద.

"అయితే నాకు అదబ్ చెయ్యాల్సిన పని నీకు లేదు," అన్నాను.

"నాకేం పని? చెయ్యి ఇటివ్వు."

ఆమె పట్టుకుంది. అరవై ఏళ్ళు పిండి పిసికి, పహిల్వాన్ల కాళ్ళూ చేతులూ నూనె రాసి తోమిన చెయ్యి అది. బేగంబజార్ తర్వాత అంత నిజంగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఆ రోజు ఇరవైసార్లు చేశాను. ఒక్కసారి కూడా రాలేదు. ప్రతిసారీ ఆమె పళ్ళు లేని నవ్వు నవ్వి, "నయ్ హువా, ఛోటీ, ఇంకోటి," అనేది. కొత్త పేజీలో ఇరవైకి సున్నా అని రాసుకుంటుంటే, విచిత్రంగా, నాకు హాయిగా ఉంది.

తర్వాతి వారాల్లో ఇరవైకి రెండు, ఇరవైకి ఐదు, నాలుగు, తొమ్మిది. నిజమైన సడలింపు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ముందు బొటనవేలు ఒక్కటే చచ్చుబడుతుంది, మిగతా వేళ్ళకు కబురు ఒక క్షణం ఆలస్యంగా అందుతుంది. ఊపిరి లోపలికి పోతుంది, అరుపు ఆ తర్వాత వస్తుంది. దొంగ సడలింపులో వేళ్ళన్నీ ఒక్కసారే, పువ్వులా విచ్చుకుంటాయి. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. నొక్కడం ఒక్కటే కాదు, నొక్కిన క్షణంలో నా ఒళ్ళంతా వాళ్ళ బొటనవేలి వైపే తిరగాలి. ఆలస్యమైతే పట్టు మళ్ళీ కుదురుకుంటుంది.

కార్తీకం మొదటి ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా అబ్బాయి ముందు చెయ్యి చాపాను. కోడలు సాక్షి. వాడు పట్టుకున్నాడు. నొక్కాను, వదిలేశాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"గెలిచినవ్ అమ్మా," అన్నాడు ముఖం పక్కకు తిప్పుకుని.

మూడుసార్లూ వేళ్ళన్నీ ఒక్కసారే విచ్చుకున్నాయి.

"ఇది లెక్కలకు రాదు. నువ్వు నన్ను పట్టనే లేదు."

"పట్టిన గదా!"

"పట్టలేదు బిడ్డా. పట్టినోని చెయ్యి ఎట్లుంటదో నాకిప్పుడు ఎరుకే. మళ్ళ పట్టు, గట్టిగ."

మళ్ళీ పట్టుకున్నాడు. వాడి మెడ నరాలు బిగుసుకున్నాయి కానీ వేళ్ళు బిగుసుకోలేదు. కాసేపటికి నా చెయ్యి నా ఒడిలోనే పెట్టేశాడు.

"నాతోని గాదు అమ్మా. నీ చెయ్యి గట్టిగ పట్టుడు నాతోని గాదు. ఏం జెయ్యాలె?" తన మణికట్టును తనే పట్టి చూసుకున్నాడు. "నేనే పట్టలేకపోతుంటే, ఆ రోజు వాడెట్ల పట్టిండో అని యాదికొస్తే నాకు నిద్ర వస్తలేదు."

అప్పటిదాకా ఒప్పందంలో నా వైపు మాత్రమే చూసుకున్నాను. వాడికి ఎంత భయంగా ఉందో నా పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా భయానికి మందు నన్ను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. అదే మాట చెప్పి, గురువారం హాలుకు వచ్చి చూడమన్నాను.

దుకాణం మధ్యలో వదిలి వచ్చాడు. నులకమంచం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నానీ నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి విడిపించుకున్నాను. రెండోసారి తిరగడం ఆలస్యమైంది, రాలేదు. మూడోసారి బొటనవేలు చచ్చుబడటం నాకు తెలిసింది, విడిపించుకున్నాను. నానీ తన బొటనవేలు నోట్లో పెట్టుకుని, "హరామ్ కీ ఛోటీ," అని ముద్దుగా తిట్టింది.

"మూడుకు రెండు," అన్నాను. ఒప్పందం మూడుకు మూడు.

మా అబ్బాయి ముఖంలో నమ్మకం కనిపించలేదు. ముసలామె పట్టు ఎంతుంటుందిలే అన్నట్టుంది. నానీకీ అదే కనిపించినట్టుంది.

"ఏం బేటా, నీ చెయ్యి ఇటియ్."

వాడు మొహమాటంగా ఇచ్చాడు. ఆమె పట్టుకుంది. వాడు లాగాడు. మళ్ళీ లాగాడు. మంచం కిర్రుమంది, ఆమె కదల్లేదు. కాలు మంచం కోడుకు ఆనించి లాగబోయి, అమ్మాయిలు చూస్తున్నారని ఆగిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తనంతట తానే వదిలింది. వాడి మణికట్టు మీద నాలుగు వేళ్ళ అచ్చులు ఎర్రగా పడ్డాయి. వాడు వాటిని చూసుకుని, తర్వాత నా మణికట్టు చూశాడు. నా మీద కూడా అవే నాలుగు.

"దీంట్ల నుంచి రెండుసార్లు వచ్చినవా?"

"మూడుకు రెండు."

"చాలు అమ్మా."

"ఒప్పందం మూడు గదా. సంతకం చేసినవ్."

లెక్కతో తప్ప నాతో వేగలేమని వాడికి తెలుసు. "ఒప్పందం నా చేతికి రాసుకున్నం. నా చేతుల నుంచి నువ్వు మూడు కాదు, ముప్పై సార్లు వస్తవ్. ఈ చేతికి రెండంటే, నా చేతికి మూడు కన్నా ఎక్కువే. నువ్వే లెక్కగట్టుకో."

లెక్కగట్టాను. రెండు వైపుల నుంచీ చూశాను. తప్పు దొరకలేదు.

బయటకొచ్చాక బండి స్టార్ట్ చేసి, వెనక సీటు తుడిచి, కూర్చోమన్నాడు. యాకుత్‌పురా నుంచి ఫలక్‌నుమాకు ఐదూ యాభైకి రైలుందనీ, అక్కడి నుంచి ఇల్లు దగ్గరేననీ చెప్పాను.

"బుధవారం నుంచి మొదలనుకున్న," అన్నాడు.

"గురువారం కూడా రోజే గదా."

నేను స్టేషను వైపు నడిచాను. వాడు బండి ఎక్కలేదు. ఇంజను ఆపి, దాన్ని నెట్టుకుంటూ నా వెనకే పదడుగుల దూరంలో వచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు, వద్దని కూడా అనలేదు. స్టేషను మెట్లు కనిపించే మలుపు దగ్గర చక్రాల చప్పుడు ఆగింది. నేను మెట్లెక్కాను.